బతికి బయటపడ్డాక...

మన తెలుగువాళ్ళకి పేగంటే ఎంత ప్రేమో! కన్నపేగు అంటాం, పేగుబంధం అంటాం. ఎవరి కష్టమైనా వింటే మనకి పేగు కదులుతుంది. కొడుకు మాట వినకపోతే ‘పేగు తెంచుకు పుట్టినవాడు ఇలా చేస్తాడా!’ అని ముక్కు చీదుతాం. ఇంత ప్రేమ వొలకబోసే మనం ఆ పేగు రోజూ చేసే చాకిరీ గురించి మాత్రం పెదవి విప్పం. డాక్టరు దగ్గరికి వెళ్ళినా ‘కడుపులో బాగాలేదండీ’ అని వూరుకుంటాం. ఎక్కడ బాగాలేదో, ఎన్నాళ్ళనించీ బాగాలేదో పాపం ఆయనే కనిపెట్టుకోవాలి. ఆ వచ్చిన డాక్టరు మగవాడైతే మరీను!

నేను డాక్టర్ని కాను. బి.ఏ. చదివి నవలలు రాసుకుంటున్నదాన్ని. అయితే నవలలు రాసేవాళ్ళకి ఒక దురలవాటు వుంటుంది. కథ కంచికి వెళ్ళాక ఆ మనుషులు ఎలా బతికారు అని ఆలోచించడం. పెళ్ళితో కథ ముగిస్తాం సరే, ఆ మర్నాటినించీ ఆ పిల్ల సంగతేమిటి? ఆపరేషన్ల చరిత్ర చదివినప్పుడూ నాకు అదే ఆలోచన వచ్చింది. ‘ఆపరేషను విజయవంతమైంది’ అన్న వాక్యంతో పుస్తకాలు ముగిసిపోతాయి. మనిషి జీవితం అక్కడినించే మొదలవుతుంది కదా!

పెద్దపేగు కాన్సరు విషయమే చూడండి. దాని ఆపరేషన్ల చరిత్ర అంతా మూడు ప్రశ్నల చరిత్ర అనిపిస్తుంది నాకు. మొదటి ప్రశ్న: మనిషి బతికాడా? రెండోది: ఎన్నేళ్ళు బతికాడు? మూడోది: ఎలా బతికాడు? మొదటి ప్రశ్నకి జవాబు వెతకడానికి వందేళ్ళకి పైనే పట్టింది. మూడో ప్రశ్న అడగాలని తోచడానికి దాదాపు రెండు వందల ఏళ్ళు పట్టింది.

1776లో ఫ్రాన్సులో రువాన్ అనే వూళ్ళో ఒక సారా వర్తకుడికి మలాశయంలో కంతి అడ్డుపడింది. ఆ రోజుల్లో దానికి వైద్యం ఏమిటనుకున్నారు? పాదరసం తాగించడం! బరువుకి అదే దారి చేసుకుని కిందికి దిగుతుందని వాళ్ళ నమ్మకం. అది దిగలేదు. అప్పుడు పిల్లోర్ అనే సర్జన్ ధైర్యం చేసి, పొట్టకి కుడివైపు కోసి, పేగుకి బయటికి ఒక ద్వారం పెట్టాడు. ఆ ద్వారం చక్కగా పనిచేసింది. రోగి దానిమీద స్పాంజి పెట్టుకుని పట్టీ బిగించుకుని కాస్త తెరిపిన పడ్డాడు కూడా. కాని లోపల నిలిచిపోయిన పాదరసం తన పని తాను చేసింది. 28వ రోజున మనిషి పోయాడు. జబ్బు కన్నా ముందు మందు మింగేసిందన్నమాట.

మరో 17 ఏళ్ళకి, 1793లో, బ్రెస్ట్ రేవుపట్నంలో మలద్వారం లేకుండా పుట్టిన ఒక పసివాడికి డ్యూరే అనే డాక్టరు ఎడమవైపు అలాంటి ద్వారమే పెట్టాడు. ఆ బిడ్డ దానితోనే 45 ఏళ్ళ వయసుదాకా బతికాడు. ప్లాస్టిక్ సంచుల్లేవు, అంటించుకునే పట్టీల్లేవు. నలభై అయిదేళ్ళు ఎలా నెట్టుకొచ్చాడో! వాళ్ళమ్మ ఎన్ని గుడ్డలు ఉతికిందో! చరిత్రలో సర్జను పేరు వుంది గాని, ఉతికిన చేతుల ప్రసక్తి లేదు.

కడుపు తెరిచి నిదానంగా పని చెయ్యాలంటే రోగి నిద్రపోవాలి. ఈ సంగతిలో మన హైదరాబాదుకి ఒక గొప్ప వుంది. క్లోరోఫారం గుండెని ఆపేస్తుందా, ఊపిరిని ఆపేస్తుందా అని లండన్‌లో డాక్టర్లు జుట్టూ జుట్టూ పట్టుకుంటూంటే, ఆరో నిజాం మహబూబ్ ఆలీఖాన్ ఇచ్చిన డబ్బుతో, ఎడ్వర్డ్ లారీ అనే డాక్టరు హైదరాబాదులోనే 1888లో ఒకసారి, 1889లో మరోసారి పరీక్షలు జరిపించాడు. హైదరాబాదు క్లోరోఫారం కమిషన్లంటే అవే. ఆయన శిష్యురాలు రూపాబాయి ఫర్దూన్జీ అనే పార్శీ అమ్మాయి ఇక్కడి మెడికల్ స్కూల్లో చదివి, క్లోరోఫారం ఇవ్వడంలో చెయ్యి తిరిగిన డాక్టరయింది. ప్రపంచంలోనే మత్తు ఇచ్చిన తొలి మహిళా డాక్టర్లలో ఆవిడ ఒకరు. మన ముత్తవ్వలు ఘోషాలో వున్న రోజులవి, గుర్తుంచుకోండి.

1908 సెప్టెంబరులో మూసీ పొంగి హైదరాబాదుని ముంచింది. అఫ్జల్‌గంజ్ ఆస్పత్రి కూడా ఆ వరదలో పోయింది. తర్వాత అక్కడే ఉస్మానియా ఆస్పత్రి లేచింది. సరిగ్గా ఆ ఏడాది డిసెంబరులో లండన్‌లో ఎర్నెస్ట్ మైల్స్ అనే సర్జన్ ఒక వ్యాసం అచ్చు వేయించాడు. అంతకుముందు ఆయన మలాశయం కాన్సర్లు 57 కిందినించి కోసి తీశాడు. వాటిలో 54 మళ్ళీ వచ్చాయి! ఇంకొకరయితే ‘నా చేతిలో ఏముంది, కర్మ!’ అని వూరుకునేవారు. ఆయన పోయినవాళ్ళ శరీరాలు పరీక్ష చేసి, జబ్బు పైకి కూడా పాకుతోందని కనిపెట్టాడు. అందుకని పొట్టవైపునించీ, కిందినించీ కూడా కోసి మలాశయం మొత్తం తీసేసి, పొట్టమీద శాశ్వతంగా ద్వారం పెట్టే పద్ధతి తెచ్చాడు. మొదట్లో ఆ ఆపరేషను బల్లమీదినించి లేవనివాళ్ళు చాలామందే. లేచినవాళ్ళకి మాత్రం ఏళ్ళు దక్కాయి. రెండో ప్రశ్నకి అక్కడినించి జవాబు రావడం మొదలైంది.

1921లో పారిస్ సర్జన్ హెన్రీ హార్ట్‌మన్, కంతి వున్న ముక్క తీసేసి, కింది కొసని కుట్టేసి లోపలే వుంచి, పై కొసని పొట్టమీదికి తేవడం చూపించాడు. పేగు అడ్డుపడో, చిల్లిపడో అర్ధరాత్రి ఆస్పత్రికి చేరినవాళ్ళకి ఈనాటికీ ఆ ఆపరేషను చేస్తూనే వున్నారు. 1948లో అమెరికాలో మేయో క్లినిక్ సర్జన్ క్లాడ్ డిక్సన్, పై భాగంలో వచ్చిన కంతులకి సంచి అక్కర్లేకుండా రెండు కొసలూ కలిపి కుట్టెయ్యవచ్చునని చెప్పాడు. ఆయన రోగుల్లో నూటికి 64 మంది అయిదేళ్ళు దాటారు. 1970ల చివర్లో గుండ్రంగా కుట్టేసే స్టేప్లర్ యంత్రాలు వాడుకలోకి వచ్చాక, ఇంకా కిందికి కూడా కలిపి కుట్టడం వీలైంది. 1982లో ఇంగ్లండులో బిల్ హీల్డ్, మలాశయం చుట్టూ వుండే కొవ్వు పొరని చిరగకుండా యావత్తూ తీస్తే జబ్బు తిరిగి రావడం తగ్గుతుందని చూపించాడు.

ఇదంతా విదేశాల మాట కదా అంటారేమో. మనకి దగ్గరలోనే మద్రాసులో డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి వున్నారు. ఆవిడ చెల్లెలు 1923లో మలాశయం కాన్సరుతోనే పోయింది. మొదట అది జిగట విరేచనాలనుకున్నారట. అక్కగారు పెద్ద డాక్టరు, చెల్లెలి జబ్బు మాత్రం తెలియాల్సిన వేళకి తెలియలేదు. ఆ దుఃఖాన్ని ఆవిడ ముప్ఫై ఏళ్ళు కడుపులో దాచుకున్నారు. 1954లో అడయారులో కాన్సర్ ఇన్‌స్టిట్యూట్ తెరిపించారు. మన వాళ్ళెందరో నెల్లూరునించీ చిత్తూరునించీ రైలెక్కి వెళ్ళింది అక్కడికే. ఆ మరుసటేడు, 1955లో, హైదరాబాదులో మెహదీ నవాజ్ జంగ్ పేరుమీద కాన్సరు ఆస్పత్రి మొదలైంది.

ఇక మూడో ప్రశ్న. 1971లో ఇంగ్లండులో డెవ్లిన్ అనే సర్జనూ ఆయన తోటివాళ్ళూ ఒక పని చేశారు. అంతకుముందు ఆపరేషనయి ఇళ్ళకి వెళ్ళిపోయినవాళ్ళని వెతికి పట్టుకుని, ‘ఎలా వున్నారు?’ అని అడిగారు. ఇంత చిన్న మాట! జవాబులు విని వాళ్ళకి మతి పోయింది. జబ్బు నయమయింది గాని, చాలామంది నలుగురిలోకి రావడం మానుకున్నారు. దిగులుపడి వున్నారు. వాసన వస్తుందేమోనని, చప్పుడవుతుందేమోనని భయం. భార్యాభర్తల మధ్య ఎడం పెరిగింది. ఇవేవీ డాక్టరుకి చెప్పలేదు, ఎందుకంటే డాక్టరు అడగలేదు.

మగవాళ్ళు వ్యాసాలు రాసేలోపల, ఇద్దరు ఆడవాళ్ళు పని కానిచ్చేశారు. డెన్మార్కులో ఎలీస్ సోరెన్‌సెన్ అనే నర్సు వుండేది. ఆవిడ చెల్లెలు థోరాకి ఆపరేషనయి పొట్టమీద ద్వారం పెట్టారు. ఆ పిల్ల గడప దాటడం మానేసింది. చెల్లెలి బాధ చూడలేక 1954లో ఎలీస్, ఒంటికి అతుక్కునే పల్చటి సంచి వుంటే బాగుంటుందని ఆలోచించింది. ప్లాస్టిక్ సంచులు చేసే ఒకాయన దగ్గరికి వెళ్తే మొదట వొప్పుకోలేదు. ఆయన భార్య కూడా నర్సే. ‘ఇది ఎంతమందికి పనికొస్తుందో మీకు తెలీదు, చెయ్యండి’ అని భర్తని వొప్పించింది. కోలోప్లాస్ట్ కంపెనీ పుట్టింది అలాగే, 1957లో. రెండో ఆవిడ అమెరికాలో నార్మా గిల్. తనకే పొట్టమీద ద్వారం పెట్టించుకుని, కోలుకుని, తనలాంటివాళ్ళకి సంచి పెట్టుకోవడం నేర్పేది. ఆపరేషను చేసిన డాక్టర్ టర్న్‌బుల్ 1958లో ఆవిడనే ఆస్పత్రిలో ఉద్యోగానికి తీసుకున్నాడు. 1961లో అక్కడే, క్లీవ్‌లాండ్‌లో, ఆ పని నేర్పే బడి పెట్టారు. చూశారా, వంటింటి తెలివి ఎక్కడెక్కడికి వెళ్ళిందో!

ఆ తర్వాత బాగోగులు కొలవడానికి ప్రశ్నావళులు వచ్చాయి. 1993లో యూరప్ వాళ్ళు 30 ప్రశ్నలతో ఒకటి తయారు చేశారు. నిద్ర పడుతోందా, ఆకలి వేస్తోందా, ఇంటి పని చేసుకోగలుగుతున్నారా, డబ్బు ఇబ్బంది వుందా, ఇలాంటివి. ఇలా అడిగి తెలుసుకున్న సంగతులు కొన్ని మనం అనుకున్నదానికి తలకిందులుగా వున్నాయి.

పెద్దపేగు కుడివైపు భాగం తీసినవాళ్ళలో కొందరికి విరేచనం పల్చగా అవుతుంది. చాలామందికి నెలల్లో సర్దుకుంటుంది, సర్దుకోనివాళ్ళకి మందులున్నాయి. ఎడమవైపు ముక్క తీసి కలిపినవాళ్ళలోనూ ఎక్కువమంది మామూలుగానే బతుకుతారు. పెద్ద కోతా, చిన్న రంధ్రాలా అన్నదాని మీద పెద్ద చర్చే జరిగింది. 2002లో అమెరికాలో రెండు రకాలవాళ్ళనీ పోల్చి చూస్తే, మొదటి వారాల్లో బాగోగుల్లో తేడా పిసరంతే కనిపించింది. 2004లో అదే పరిశోధన ఫలితాల్లో, మూడేళ్ళలో జబ్బు తిరిగి వచ్చినవాళ్ళు చిన్న రంధ్రాలవైపు నూటికి 16, పెద్ద కోతవైపు 18. అంటే ఇంచుమించు ఒకటే. చిన్న రంధ్రాలవాళ్ళు ఆస్పత్రినించి ఒకరోజు ముందు ఇంటికి వెళ్ళారు. ‘మావారికి కెమెరా ఆపరేషను కాదుటండీ, ఎలాగో ఏమిటో’ అని కంగారుపడేవాళ్ళకి ఈ సంగతి కాస్త ధైర్యం.

అసలు ఆశ్చర్యం సంచి దగ్గర. సంచి వున్నవాళ్ళ బతుకు నరకమనీ, సంచి తప్పినవాళ్ళు అదృష్టవంతులనీ అందరం అనుకుంటాం కదా. 2012లో 30కి పైగా అధ్యయనాలని దగ్గర పెట్టుకుని చూసినవాళ్ళు, అలా అని గట్టిగా చెప్పడానికి వీల్లేదన్నారు. ఎందుకంటే మరీ కింద కలిపి కుట్టినవాళ్ళలో కొందరికి రోజుకి పదిసార్లు లేవాల్సి వస్తుంది, ఆపుకోలేరు, ఒకసారి వెళ్ళొచ్చి కూర్చున్నారో లేదో మళ్ళీ పరుగు. 2012లోనే డెన్మార్కులో ఈ బాధని కొలవడానికి అయిదే అయిదు ప్రశ్నలు తయారు చేశారు. దీనికి ఆహారంలో మార్పులూ, మందులూ, కండరాల వ్యాయామాలూ వున్నాయి. కాని ముందే చెప్పకపోతే, ‘సంచి తప్పింది, ఇంకేం కావాలి?’ అన్న ఇంట్లోవాళ్ళ మాటకి ఆ మనిషి నోరు మూసుకుని కుమిలిపోతుంది.

ఇంత చదివాక నాకు మా చిన్నత్తమ్మ గుర్తొచ్చింది. మా అత్తవారి వూరు కథలాపూర్. కోరుట్లనించి బస్సులో వెళ్తాం. పసుపు చేలూ, బీడీలు చుట్టే అరుగులూ, దుబాయి ఫోన్లూ, ఇదీ ఆ వూరు. బతుకమ్మ పాటలకి చిన్నత్తమ్మ గొంతు తర్వాతే ఎవరిదైనా. రక్తం పడుతూంటే ఆర్నెల్లు మొలలనుకుని పసరు మందులు మింగింది. చివరికి హైదరాబాదులో పెద్దాపరేషను చేసి, ప్రాణం నిలబెట్టి, శాశ్వతంగా సంచి పెట్టారు. ఇంటికొచ్చాక నన్ను దగ్గర కూచోబెట్టుకుని మెల్లగా అడిగింది: “గిది పెట్టుకొని పొయ్యి కాడికి రావచ్చునా బిడ్డా? దేవునర్రల దీపం పెట్టచ్చునా? బతుకమ్మ పేర్చచ్చునా?”

ముప్ఫై ప్రశ్నల ఆ కాగితంలో ఈ మూడూ లేవు. యూరప్‌లో వాళ్ళకి మడీ మైలా ఏం తెలుసు? మనకి బాగా బతకడమంటే పొయ్యిదగ్గరికి వెళ్ళగలగడం, బంతిలో అందరి పక్కనా కూర్చోగలగడం, వేములవాడ రాజన్న దగ్గర నలుగురితో నిలబడగలగడం. మా చిన్నత్తమ్మని ఎవరూ వెలివేయలేదు. ఆవిడే తనకి తాను వెలి వేసుకుంది. తన కంచం వేరు, తన గ్లాసు వేరు. ఇంట్లో వాళ్ళు ‘పాపం ఆమె ఇష్టం’ అని వూరుకున్నారు. ఆ వూరుకోవడమే పెద్ద శిక్ష!

“అత్తమ్మా, అందరి కడుపులో వున్నదే గదా నీ సంచిలో వున్నది. వాళ్ళది లోపల, నీది బయట. స్నానం చేసి, సంచి మార్చుకుని దీపం పెట్టు” అన్నాను. నవ్వింది గాని నమ్మలేదు. ఆ తర్వాత పరీక్షకి నేనే వెంట వెళ్ళాను. అక్కడి నర్సమ్మాయి ఓపిగ్గా నేర్పింది. సంచి అంచు పొక్కు మీద ఎలా కొలిచి కత్తిరించాలి, ఎండాకాలం చెమటకి వూడకుండా చర్మం ఎలా పొడిగా తుడవాలి, మూడోవంతు నిండగానే ఎలా వొంపాలి, ఏ కూరతో గాలి ఎక్కువవుతుంది, అన్నీ. సంచుల ఖర్చు నెలనెలా వుంటుంది, ఇంట్లో అందరం పంచుకున్నాం. మొదటి ఏడు బతుకమ్మకి గుమ్మంలోనే నిలబడింది. రెండో ఏడు వాకిట్లోకి వచ్చింది. మూడో ఏడు సద్దులనాడు చెరువుదాకా నడిచింది.

ఒకటి మాత్రం తిరిగి రాలేదు. ఆపరేషను తర్వాత ఎక్కించిన మందువల్ల వేలికొసలు మొద్దుబారాయి. గునుగు పువ్వు పట్టుకుంటే పట్టుకున్నట్టే తెలియదు. ఇప్పుడు కోడలు పేరుస్తుంది, ఆవిడ పాడుతుంది. ఆ మందు పేరు ఆక్సాలిప్లాటిన్. దానితో కలిపి ఇచ్చే ఫోలినిక్ యాసిడ్ అనేది ఫోలిక్ యాసిడ్ కుటుంబంలోదే. ఆ ఫోలిక్ యాసిడ్‌ని 1940లలో అమెరికాలో తయారుచేసిన బృందానికి నాయకుడు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన అన్నదమ్ములిద్దరు పోయింది కూడా పేగు జబ్బుతోనే, స్ప్రూతో. ఇక ఆ తిమ్మిరి సంగతి: 2018లో వచ్చిన ఒక పెద్ద పరిశోధన, జబ్బు మరీ ముదరని కొందరికి ఆర్నెల్ల బదులు మూడు నెలలు మందు ఇచ్చినా చాలునని, తిమ్మిరి బాగా తగ్గుతుందని చెప్పింది. బీడీలు చుట్టి రోజు గడుపుకునే ఆడదానికి వేలికొసలంటే కూడే కదా! ఎవరో దూరదేశంలో ‘ఎలా బతుకుతున్నారు?’ అని అడగబట్టే ఆ మూడు నెలలు తగ్గాయి.

అందుకే అంటాను, మీ ఇంట్లో ఎవరికైనా ఈ ఆపరేషను తప్పనప్పుడు, ‘ప్రాణానికి భయం లేదు కదా’ అని అడగడంతో ఆగిపోకండి. కంతి ఎంత కింద వుంది, కలిపి కుడతారా, సంచి పెడితే కొన్నాళ్ళకా ఎప్పటికీనా, కలిపితే రోజుకి ఎన్నిసార్లు లేవాల్సి వస్తుంది, వేళ్ళతో పనిచేసే మనిషైతే మందు సంగతేమిటి, సంచి పెట్టుకోవడం ఎవరు నేర్పుతారు, ఇవన్నీ ముందే అడగండి. డాక్టర్లు విసుక్కుంటారేమో అనుకుంటాం గాని, అడిగితే చెప్పేవాళ్ళే ఎక్కువ. రక్తం పడటం, అలవాటు మారడం వారాల తరబడి వుంటే, మొలలే అని మనకి మనం తీర్పు చెప్పుకోవద్దు. ముత్తులక్ష్మీ రెడ్డిగారి చెల్లెలి విషయంలోనే పొరపాటు జరిగితే, మనమెంత?

ఇక ఇంటికి వచ్చాక చెయ్యాల్సింది డాక్టర్ల చేతిలో లేదు. బంతిలో మన పక్కన విస్తరి వేసి, ‘ఇక్కడ కూచో’ అనడానికి ఏ చదువూ అక్కర్లేదు.